రాతిపొర కంచాలు

తార్నాక నుంచి లాలాగూడ పోయే దారిలో అప్పట్లో ఒక జాడీల కార్ఖానా ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక బొగ్గు భట్టీ, వాకిట్లో ఎండకు పెట్టిన పచ్చి జాడీలు వరసలు వరసలుగా. ఆవకాయ పెట్టుకునే జాడీలు, కాలేజీల్లో తేజాబు, అంటే యాసిడ్, పోసుకునే పెద్ద జాడీలు అక్కడ తయారయ్యేవి. ఆ కార్ఖానాలో సారె మీద కూర్చునే మనిషి గట్టయ్య.

భువనగిరి దగ్గర ఒక ఊళ్ళో కుమ్మరింట పుట్టాడు. రెండేళ్ళు వరసగా వానలు పడకపోయేసరికి కుండలు కొనే దిక్కు లేక, పెళ్ళాం పోచమ్మను వెంటబెట్టుకుని పట్నం వచ్చి ఈ పనిలో కుదిరాడు. అది జరిగి పదిహేనేళ్ళు. ఇప్పుడు నలభై అయిదు దాటాయి. మాట తక్కువ మనిషి. పొద్దున చేసిన జాడీకీ సాయంత్రం చేసిన జాడీకీ వెంట్రుకవాసి తేడా రాదని భట్టీ కాల్చే సామేలు అందరికీ చెప్పుకునేవాడు. ఈ సామేలు ఒకప్పుడు లాలాగూడ రైలు షెడ్డులో ఇంజన్లకు బొగ్గేసినవాడు. మంట రంగు చూసి లోపల వేడి ఎంతుందో చెప్పగలడు.

1967లో వానాకాలం ముగుస్తున్న రోజుల్లో, ఒక పొద్దున ఒకావిడ రిక్షా దిగి నేరుగా సారె దగ్గరికే వచ్చి నిలబడింది. తెల్ల వాయిలు చీర, భుజానికి గుడ్డసంచి, కాళ్ళకు మగవాళ్ళు వేసుకునే బూట్లు. పేరు రమాదేవి. అనంతపురం మనిషి. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరర్.

"గట్టయ్యగారంటే మీరేనాండీ?" అంది.

గట్టయ్య చేతికింద లేస్తున్న జాడీ వంకరపోయింది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన్ను ఎవరూ 'గారు' అనలేదు.

ఆవిడ వచ్చిన పని చెప్పింది. జనవరిలో దేశం నలుమూలల నుంచీ, బయటి దేశాల నుంచీ రాళ్ళ శాస్త్రం చదువుకున్నవాళ్ళు క్యాంపస్‌కి వస్తారు. ఇక్కడి రాళ్ళు చూడ్డానికే వస్తారు. మూడో రోజు మధ్యాహ్నం గెస్ట్ హౌసులో భోజనం. ఆ అన్నం ఈ నేల రాళ్ళలాగే కనిపించే కంచాల్లో పెట్టాలని ఆవిడ కోరిక. జాడీ మట్టితో, చేత్తో చేసిన కంచాలు. నలభై ఎనిమిది.

"మట్టి కంచాలా?" గట్టయ్య సారె ఆపేశాడు. "తినేటందుకా మేడమ్?"

"తినడానికే."

"మట్టిల ఒక్కపారి తింటే ఎంగిలైతది గద. ఎంత కడిగినా పోదు. పారేసుడే. మా ఊర్ల మనిషి సచ్చిన ఇంట్ల పెడ్తరు మట్టి మూకుడు, బతికినోళ్ళకు పెట్టరు."

"ఆవకాయ ఏడాది పొడుగునా జాడీలోనే ఉంటుంది కదా? అది ఎంగిలి కాదా?"

"అండ్ల చెయ్యి వెట్టరు మేడమ్. గంటెతోని తీస్తరు."

ఆవిడ నవ్వింది కానీ కదల్లేదు. ఆదివారం ఒకసారి క్యాంపస్‌కి రమ్మనీ, రాళ్ళు చూపిస్తాననీ, అప్పటికీ వద్దనిపిస్తే మానెయ్యమనీ చెప్పి వెళ్ళింది.

ఆదివారం గట్టయ్య వెళ్ళాడు. హాస్టళ్ళ వెనక, ముళ్ళచెట్ల మధ్య, ఏనుగుల మందలాగా పడుకున్న గుండ్లు. వాటి మధ్య నుంచే ఆయన పదిహేనేళ్ళుగా సైకిల్ మీద పోతున్నాడు. ఎప్పుడూ చూడలేదు. కుమ్మరి కళ్ళు నేల మీదే ఉంటాయి, మంచి మట్టి ఎక్కడుందా అని. రాయి కనిపించిందంటే అక్కడ మట్టి లేదని అర్థం, అంతే. అలాంటిది రమాదేవి ఒక గుండు పక్కన ఆగి, గోటితో గీకి, చేతిలో పడిన పొడి ఆయన అరచేతిలో పోసింది.

"ఇది రాయి చివికిన పొడి. ఇంకొన్ని లక్షల ఏళ్ళు వానలో నానితే ఇదే మీ మట్టి అవుతుంది. మీ సారె మీద తిరిగేది ఒకప్పుడు ఇలాంటి రాయే."

గట్టయ్య ఆ పొడి వంకే చూస్తూ ఉండిపోయాడు. తాతల నాటి నుంచి మట్టి పిసుకుతున్న వంశం. మట్టి ఎక్కడిదని ఎవరూ అడిగి ఉండరు. మట్టి మట్టే అనుకున్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట దిగలేదు. అన్నం ముందు కూర్చుని పోచమ్మతో, "మట్టి రాయేనట" అన్నాడు. పోచమ్మకు ఏమీ అర్థం కాలేదు.

మర్నాటి నుంచి జాడీల పని అయ్యాక కంచాల పని మీద కూర్చునేవాడు. మొదట చేసిన కంచం పళ్ళెంలాగా చదునుగా ఉంది. దాంట్లో అన్నం పెట్టి చారు పోసి చూస్తే చారు అంచు దాటి కారింది. మన తిండి కలుపుకుని తినేది. కలిపేటప్పుడు చేతికి ఒక గోడ దొరకాలి. కంచం జారకూడదు, బరువుండాలి. వేలి కొసలకు గరుకు తగలకూడదు. అందుకని నడుమ కొంచెం పల్లం చేసి, గుండు వీపులా అంచు పైకి లేపాడు. అడుగు మందం చేశాడు. రంగు విషయంలోనే ఇబ్బంది వచ్చింది. జాడీలకు వేసే గోధుమరంగు పూత తళతళలాడుతుంది, రాయి తళతళలాడదు. మెరుపు చంపడానికి దాంట్లో ఎర్రమట్టీ బూడిదా కలిపాడు. భట్టీ తెరిస్తే మెరుపు లేని ముదురు రంగొచ్చింది. రమాదేవి చాలా సంతోషించింది.

పోచమ్మ మాత్రం ఒక కంచం ఇంటికి తెస్తే గడప దాటనివ్వలేదు. "సావింటి మూకుడు నా ఇంట్ల వెడ్తవా? నీకు మతి వోయిందా?" అని, దాన్ని వాకిట్లోనే బోర్లించి కోడిపిల్లలకు నీళ్ళు పోసే చిప్ప దాని మీద పెట్టింది.

జనవరిలో ఆ భోజనం రోజు రానే వచ్చింది. గట్టయ్య ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. లోపలికి పోవడానికి మొహమాటపడి వరండా స్తంభం పక్కన నిలబడ్డాడు. పెద్ద హాల్లో బల్లల మీద ఆయన కంచాలు. ఒక్కొక్క దాంట్లో తెల్లటి అన్నం, పప్పు, గుత్తివంకాయ కూర. తెల్ల మనుషులు వంగి వంగి కంచం అంచు తడిమి చూస్తున్నారు. ఒకాయన కూర తినేసి కంచం పైకెత్తి అడుగు కూడా చూశాడు. రమాదేవి దూరం నుంచే గట్టయ్యను చూపించి ఏదో చెప్పింది. వాళ్ళంతా తల తిప్పి ఆయనకు నమస్కారం పెట్టారు. అంతమంది పెద్దలు!  చేతులెత్తి దండం పెట్టాడు కానీ ఎవరికి పెట్టాడో తనకే తెలియదు.

భోజనాలయ్యాయి. అతిథులు చేతులు కడుక్కుని మేడ మీదికి వెళ్ళారు. గట్టయ్య ఇంకా స్తంభం దగ్గరే ఉన్నాడు, ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది. హాల్లో సందడి అణిగాక వంటిల్లు వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది.

ఫెడేల్.

కుమ్మరివాడి చెవికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఏదో జారిపడిందనుకున్నాడు. ఇంకోటి. కాసేపాగి ఇంకోటి. జారిపడితే ఇలా ఒక వరసలో పడదు. ఎవరో లెక్కపెట్టుకుంటూ కొడుతున్నట్టుంది. గట్టయ్య వంటిల్లు చుట్టి పరుగెత్తాడు.

వెనక పెరట్లో ఒక చదును బండ. బండ ముందు ఒక ముసలావిడ, చీర దోపుకుని నిలబడి ఉంది. పక్కన కంచాల దొంతర. ఒక్కో కంచం తీసుకుంటుంది, మిగిలిన మెతుకులు వేలితో ఊడ్చి కాకులకేస్తుంది, రెండు చేతులతో తల మీదికెత్తి బండకేసి కొడుతుంది. బండ చుట్టూ గుట్టగా పెంకులు.

గట్టయ్య నోరు తెరిచాడు.  ఆయన చూస్తుండగానే ఆవిడ ఒకటి కొట్టింది. చెయ్యి చాపాడు, అడుగు పడలేదు. రెండోది కొట్టింది. మూడోది కొట్టింది. దొంతర అయిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది.

"ఏమైంది బిడ్డా? గట్ల జూస్తవేంది? నెత్తురు సచ్చినట్టున్నది మొకంల."

ఆవిడ రాములవ్వ. గెస్ట్ హౌసులో అంట్లు తోముతుంది. గట్టయ్య పెంకుల వంకే చూస్తుంటే, ఆవిడే చెప్పుకుపోయింది, గర్వంగానే. "మట్టి కంచాలన్నరు పొద్దుగాల. పెద్దసార్లు తిన్నవి, కుక్కలు నాకితే పాపం. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే. అన్ని మంచిగ పలగ్గొట్టిన."

వెనకే రమాదేవి వచ్చింది. పెంకులు చూసింది. తెల్లచీరతో అలాగే పెరటి మట్టిలో కూలబడింది. తర్వాత మేనేజరు వచ్చి అరవడం మొదలుపెట్టాడు. అతను ఒక్కో మాటా అంటుంటే, తను చేసిందేమిటో రాములవ్వకు మెల్లగా తెలిసొచ్చింది. ఆవిడ మొహం చూడ్డానికి భయమేసింది గట్టయ్యకు. రెండు చేతులూ తనవి కానట్టు ముందుకు చాచి వాటి వంక చూసుకుంటోంది.

మర్నాడు గట్టయ్య సారె ముందు కూర్చున్నాడు. మట్టి ముద్ద పెట్టాడు. చక్రం తిప్పాడు. చేతులు మట్టి మీద ఉన్నాయి కానీ ముద్ద లేవలేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి. ఒక జాడీ అయినా కాలేదు. సామేలు వచ్చి భుజం పట్టి ఊపితే ఉలిక్కిపడ్డాడు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. పోచమ్మ అన్నం పెడితే చూస్తాడు. ఎవరైనా గిన్నె కింద పెడితే అదిరిపడతాడు.

"తిట్టరాదన్నా ఆ ముసల్దాన్ని. మనసు తేలికైతది" అన్నాడు సామేలు.

"ఏమని తిట్టాలె? నేను గూడ గంతే అన్న గద మేడంతోని. తిన్న మట్టి పారేసుడే అని."

కోపం వచ్చే దారి కూడా లేకపోయింది. కానీ ఒక్క సంగతి మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. ఆ గెస్ట్ హౌసులో చాయ్ తాగే చీనీ కప్పులు, పింగాణీవి, ఉన్నాయి. అవీ కాల్చిన మన్నే. రాములవ్వ వాటిని రోజూ కడిగి అలమారలో పెడుతుంది. వాటిని ఎందుకు కొట్టలేదు? తన కంచాలనే ఎందుకు కొట్టింది? వారం తర్వాత ఆవిడ్ని వెతుక్కుంటూ క్యాంపస్ అంచున ఉన్న వడ్డెర బస్తీకి వెళ్ళాడు.

రాములవ్వ రోడ్డు పక్కన కంకర కొడుతోంది. ఆ రోజే పనిలోంచి తీసేశారట. గట్టయ్య అది విని ఇంకోసారి నిర్ఘాంతపోయాడు. తన కంచాల వల్ల ఒక ముసలితల్లి ఎండలో రాళ్ళు కొడుతోందని ఆయనకు తోచనే లేదు. పక్కన చతికిలబడి, అడగడానికి వచ్చిన ప్రశ్న మర్చిపోయి కూర్చున్నాడు. ఆవిడే అడిగింది.

"కోపమున్నదా బిడ్డా?"

"లేదవ్వా. ఒక్కటి అడుగుత. చీనీ కప్పులు కడిగి పెడ్తవు. నా కంచాలు ఎందుకు పలగ్గొట్టినవ్?"

"గవి జూస్తె కప్పుల లెక్కనే కనవడ్తయ్. నీయి మట్టి మూకుళ్ళ లెక్కనే ఉండె గద."

"మట్టి లెక్కనా? రాయి లెక్క చేసినవ్వా! ఈ గుండ్ల లెక్క!"

రాములవ్వ సుత్తి కింద పెట్టింది. ఆయన్ని కింది నుంచి మీదికి చూసింది. "రాయా? గదెట్ల రాయి? బిడ్డా, నా తాత రాయి కొట్టిండు, నా అయ్య కొట్టిండు, నా పెనిమిటి ఈ యూనివర్సిటీ గోడలకు రాయి చెక్కిండు. నేను రాళ్ళల్లనే పుట్టిన. గది రాయి రంగు గాదు. వానకు తడిసిన పెంటకుప్ప రంగు."

గట్టయ్య చెంప మీద కొట్టినట్టయింది. కంచాలు పగిలిన రోజు కంటే ఎక్కువ తగిలింది. ఆ తెల్లవాళ్ళు, ఆ నమస్కారాలు, రమాదేవి సంతోషం, అన్నీ ఒక్కసారి గాలి తీసినట్టయ్యాయి. లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ ఆవిడ కూడా మోకాళ్ళ మీద చేతులేసుకుని లేచింది.

"రా. రాయి ఎట్లుంటదో జూపిస్త."

బస్తీ వెనక రాయి తీసే చోటుకు తీసుకెళ్ళింది. అక్కడ పరుపు బండ మీద ఆవిడ కొడుకులు కట్టెలు పేర్చి మంట పెట్టారు. "గుండును కొట్టి పలగ్గొట్టరు బిడ్డా. మంట వెడ్తే పొర అదే లేస్తది. చెవి పెట్టి ఇను." గట్టయ్య విన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత బండ లోపలెక్కడో 'టప్' మని ఒక చప్పుడు, కాళ్ళ కింద సన్నటి అదురు. బెత్తెడు మందాన రాతిపొర ఒకటి బండ నుంచి విడిపోయి పైకి లేచింది. చదునుగా కాదు. వేడికి ఉబ్బిన అప్పడంలాగా, నడుమ ఒంపు తిరిగి, ఒక అంచు పలచగా, ఒక అంచు మందంగా.

గట్టయ్య ఆ పొర పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. నిప్పు రాయిని కంచంలా వంచడం తన కళ్ళతో చూశాడు. తను గుండు వీపును చూసి చేశాడు. అసలు కంచం రాయి లోపల ఉంది.

రాములవ్వ ఇంకా చూపించింది. పాతబడిన రాయి తోలు ఒక రంగు, కొత్తగా పగిలిన ముఖం ఒక రంగు. బూడిదలో గులాబీ కలిసినట్టుంటుంది, మధ్యలో నల్ల చుక్కలు, కాకిబంగారం మెరుపు. వాన నీళ్ళు కారి కారి గుండ్ల మీద పడిన నల్ల చారలు. అలా చూపిస్తూ ఒక చోట ఆగింది. గులాబీ బండ నడుమ నుంచి పొడుగ్గా పోయిన నల్లరాయి పట్టీ. "గిది మాత్రం కొలిమి దగ్గర పెట్టొద్దంటరు మావోళ్ళు. మంటకు కరిగి పాకం లెక్క కారుతది."

"కరుగుతదా?" గట్టయ్య గొంతు మారిపోయింది. "రాయి కరుగుతదా అవ్వా?"

ఒక తట్టెడు నల్లరాయి నెత్తిన పెట్టుకుని గట్టయ్య నేరుగా రమాదేవి దగ్గరికి వెళ్ళాడు. ఆ భోజనం రోజు తర్వాత ఆవిడ కార్ఖానా వైపు రాలేదు, ఏ మొహం పెట్టుకుని రావాలా అని. తట్ట చూసి, మాట విని, ఆవిడే తెల్లబోయింది. నల్లరాయిలో ఇనుము ఎక్కువ, వేడికి కరిగి నల్లటి గాజవుతుందని పుస్తకాల్లో చదివింది. కొలిమి దగ్గర వడ్డెరవాళ్ళకు ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసని ఆవిడకు తెలియదు.

1968 అంతా ఆ పనిలోనే పోయింది. రమాదేవి కార్ఖానా యజమానితో మాట్లాడితే, రాములవ్వను కార్ఖానాలో రాయి పొడి చేసే పనికి పెట్టుకున్నారు. ఆవిడ రెండు రాళ్ళూ విడివిడిగా దంచి, పాత చీర గుడ్డలో జల్లించేది. గులాబీ రాయి పొడిలో కట్టెల బూడిద కలిపి కంచమంతా పూత పూసేవారు. నల్లరాయి పొడిని నీళ్ళలో కలిపి, కంచం నిలువుగా పట్టుకుని అంచు నుంచి వదిలేవారు, వాన కారినట్టు. కంచాలకు గట్టయ్య సారె మానేశాడు. మట్టిని పొరలా పరిచి, ఇసుక గుట్ట మీద వేసి, అరచేత్తో ఒంచేవాడు. రెండు కంచాలు ఒకలా ఉండేవి కావు. జాడీ జాడీకీ తేడా రానివ్వని మనిషికి అది మొదట్లో ప్రాణం మీదికొచ్చినట్టుండేది. రెండు భట్టీల సరుకు పాడయింది. ఒకసారి నల్లపూత మరీ కారి కంచాలన్నీ భట్టీలోని పలకలకు అతుక్కుపోయాయి. ఇంకోసారి వేడి చాలక పూత సున్నంలా రాలింది. సామేలు ఏసును తలుచుకుని మూడోసారి ఇంకా నాలుగు గంటలు ఎక్కువ కాల్చాడు.

చల్లారడానికి మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున పదింటికి సామేలు భట్టీ నోటికి కట్టిన ఇటుకలు ఒక్కొక్కటే తీశాడు. గట్టయ్య, రాములవ్వ, రమాదేవి ఎదురుగా నిలబడ్డారు. సామేలు లోపలికి తొంగిచూసి, "స్తోత్రం!" అని వెనక్కి తూలాడు.

"ఏమైంది?"

"అన్నా, లోపల రాళ్ళున్నయే. ఎవ్వరు వెట్టిండ్రు?"

గట్టయ్య వంగి చూశాడు. ఎండ పడిన చోట రాతిపొరలు. బూడిద గులాబీ రంగు, దాని మీద వాన చారలు, చారల అంచున ఇనుము తుప్పు రంగులో సన్నటి మెరుపు. ఆ మెరుపు ఆయన వేసింది కాదు, ఎవరూ వేసింది కాదు. రెండు రాళ్ళూ మంటలో కలుసుకున్న చోట దానంతటదే వచ్చింది. చెయ్యి పెట్టి తీశాడు. చేతికి వెచ్చగా తగిలింది, నున్నగా తగిలింది. అప్పటికి గానీ అది తన కంచమేనని నమ్మలేకపోయాడు. ఏడ్చాడని సామేలు తర్వాత చెప్పేవాడు. ఏడవలేదని గట్టయ్య అనేవాడు.

రాములవ్వ ఒకటి అందుకుని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఖంగుమంది. కంచాన్ని తిప్పి అడుగు తడిమింది. తర్వాత మెల్లగా, "దీన్ని పలగ్గొట్టుమంటే నాకు చెయ్యి రాదు బిడ్డా" అంది.

గెస్ట్ హౌసువాళ్ళు ఆ కంచాలు తీసుకోలేదు. ఒకసారి జరిగింది చాలని, స్టీలు కంచాలు తెప్పించుకున్నారు. రమాదేవికి కోపం వచ్చి, డిసెంబరులో తన డిపార్టుమెంటు వరండాలోనే అందరికీ భోజనం పెట్టింది. లెక్చరర్లు, విద్యార్థులు, అటెండర్లు, అందరికీ ఒకే బంతి. రాములవ్వను తీసుకొచ్చి ఆ బంతిలో కూర్చోబెట్టింది. గట్టయ్య పక్కనే ఉన్నాడు. రాములవ్వ ముందు కంచం పెట్టారు, అన్నం వడ్డించారు, పప్పు పోశారు. ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. అటుపక్క ప్రొఫెసరు, ఇటుపక్క కుమ్మరి. జీవితమంతా బంతి లేచాక ఎంగిళ్ళు తీసిన మనిషి.

"తిను అవ్వా" అన్నాడు గట్టయ్య.

"నన్ను ఎవ్వరు లేపరు గద?" అని గుసగుసగా అడిగింది. లేపరని చెబితే, ఒక్కో మెతుకూ ఏరుకున్నట్టుగా తిన్నది. బంతిలో అందరూ లేచాక కూడా ఆవిడ ఇంకా తింటూనే ఉంది.

మరుసటి నెలలోనే తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. క్లాసులు ఆగిపోయాయి, క్యాంపస్ మూతపడింది. తార్నాక రోడ్డు మీద పోలీసు లారీలు తప్ప ఏమీ తిరగని రోజులు. ఆంధ్ర నుంచి, రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఇళ్ళకు తాళాలేసి వెళ్ళిపోయారు. ఒకరోజు గట్టయ్య రమాదేవి ఇంటికి వెళితే తాళం కనిపించింది. పక్కింటివాళ్ళు ఆమె అనంతపురం వెళ్ళిపోయిందని, మళ్ళీ వస్తుందో రాదో తెలియదని చెప్పారు. వెళ్ళే ముందు కంచాలన్నీ తోటివాళ్ళకు పంచేసిందట. గట్టయ్య ఆ తాళం వంక చూస్తూ గేటు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో. తను తెలంగాణ మనిషి, ఆవిడ సీమ మనిషి అన్న సంగతి ఆ గేటు దగ్గరే మొదటిసారి ఆయనకు తట్టింది.

కొన్నాళ్ళకు గొడవలు సద్దుమణిగాయి. ఆ ఏడు చలికాలంలో నిమ్మకాయ ఊరగాయకు జాడీ కావాలని తార్నాకలో ఒక ఇంటివాళ్ళు కబురు పంపితే, గట్టయ్యే సైకిల్ మీద తీసుకెళ్ళాడు. ఆ ఇంటి పెద్ద సోమయాజులుగారు. కర్నూలు జిల్లాలో సంస్కృతం పంతులుగా చేసి, కొడుకు యూనివర్సిటీలో లెక్చరరైతే అతని దగ్గరికి వచ్చి ఉన్నాడు. బయటి నీళ్ళు తాగడు. ఊరగాయ జాడీ తప్ప ఇంట్లో పింగాణీ కప్పు కూడా ఉండనివ్వడని వీధంతా ప్రతీతి. గట్టయ్య జాడీ వరండాలో దించి తల ఎత్తాడు. లోపల పీట మీద కూర్చుని సోమయాజులు పెరుగన్నం తింటున్నాడు.

తింటున్నది గట్టయ్య కంచంలో.

గులాబీ బూడిద రంగు, మూడు నల్ల చారలు. ఎక్కడ చూసినా గుర్తుపడతాడు.  పోచమ్మ ఇప్పటికీ గడప దాటనివ్వని కంచం! ఈ ముసలాయన, ఇంత ఆచారం మనిషి, అందులో చెయ్యి పెట్టి కలుపుకుని తింటున్నాడు.

ఆయన గట్టయ్య చూపు ఎక్కడుందో గమనించాడు. "ఏమిటలా చూస్తున్నావ్? రాతి కంచం ఎప్పుడూ చూళ్ళేదా?"

"రాతి కంచమా అయ్యా?"

"మావాడు డిపార్టుమెంటు నుంచి తెచ్చాడు. మా ఊళ్ళో పులుసు కాచుకునే రాచిప్పలుండేవి. రాయికి మైల లేదోయ్. దీంట్లో అన్నం చల్లారదు, పెరుగు పులవదు. ఎవడు చెక్కాడో గానీ, సుత్తి దెబ్బ ఒక్కటైనా కనబడనివ్వలేదు."

మట్టిది అని ఒక్క మాట. అది చెబితే ఆయన ఆ ముద్ద అక్కడే వదిలేసి లేస్తాడు. స్నానం చేస్తాడు. కంచం వీధిలో పడుతుంది. చెప్పకపోతే, తెలిసి తెలిసి ఒక పెద్దమనిషి ఆచారం చెడగొట్టినట్టు. ఒకప్పుడు రమాదేవి తన అరచేతిలో పోసిన పొడి ఏమిటో ఈయనకు చెబుదామనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. 

"నీకు తెలిసిన రాతిపనివాళ్ళెవరైనా ఉన్నారా?" సోమయాజులు చేతికంటిన పెరుగు నాక్కుంటూ అడిగాడు. "మా ఆవిడ కూడా ఇలాంటిదే కావాలంటోంది."

గట్టయ్య తనకే వినపడని గొంతుతో అన్నాడు. "ఉన్నరయ్యా. వడ్డెర బస్తీల రాములవ్వ అని ఒక అవ్వ ఉన్నది. అడిగి జూస్త."

గేటు దాటి, సైకిల్ ఎక్కకుండా, నడిపించుకుంటూనే లాలాగూడ దాకా వచ్చేశాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న పోచమ్మ తలెత్తి చూసి చేట పక్కన పెట్టింది.

"ఏమైందయ్యా? గట్లున్నవేంది?"

"ఏం కాలే" అన్నాడు గట్టయ్య. సైకిల్ గోడకు ఆనించి, "ఇంకొక కంచం చెయ్యాలె" అన్నాడు.